డిఫంక్ట్ అని చూపించే ప్రాసెస్‌లో ఇంకా ఏం మిగిలి ఉంటుంది

మిర్చి సీజన్‌లో గుంటూరు చుట్టుపక్కల ఏదో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు అనుకోండి. కాటా పక్కన 4 జీబీ ర్యామ్ ఉన్న చిన్న లైనక్స్ మెషీన్, అందులో రాత్రీ పగలూ సర్వీసుగా నడిచే ఒక ప్రోగ్రామ్. లాట్ తూగిన ప్రతిసారీ అది ఫోర్క్ చేసి ఒక చైల్డ్ ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. చైల్డ్ స్లిప్పు ప్రింట్ చేసి ఎగ్జిట్ అయిపోతుంది. రాసినవాళ్లు ఫోర్క్ రాశారు, చనిపోయిన చైల్డ్ ఫలితాన్ని పేరెంట్ (పుట్టించిన ప్రాసెస్) అడిగి తీసుకునే వెయిట్ రాయలేదు. రోజుకు 400 స్లిప్పులు. మొదటి వారమంతా ఏ ఇబ్బందీ ఉండదు. పన్నెండో రోజు స్లిప్పులు ఆగిపోతాయి. లాగ్‌లో ‘రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవైలబుల్’ అని ఉంటుంది. ర్యామ్ చూస్తే బోలెడు ఖాళీ, సీపీయూకి పనే లేదు. బయట లారీలు నిలబడి ఉంటాయి కాబట్టి ఎవరో రీస్టార్ట్ కొడతారు, ఇంకో పన్నెండు రోజులు గడుస్తాయి.

చనిపోయినా పేరెంట్ వెయిట్ పిలిచేదాకా రికార్డు మిగిలి ఉండే ప్రాసెస్‌ను జాంబీ అంటారు, ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్ దాన్నే డిఫంక్ట్ అని చూపిస్తుంది. పన్నెండే ఎందుకన్నది కాసేపట్లో లెక్క వేద్దాం. ముందు ఆ చైల్డ్ ఎగ్జిట్ అన్న క్షణం నుంచి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏం చేస్తుందో చూడాలి.

ప్రోగ్రామ్ ఎగ్జిట్ పిలిచినా, మెయిన్ నుంచి రిటర్న్ అయినా, సిగ్నల్ తగిలి పడిపోయినా లైనక్స్‌లో దారులన్నీ డూ-ఎగ్జిట్ అనే ఒకే ఫంక్షన్ దగ్గర కలుస్తాయి. అందులో వరుస ఇలా ఉంటుంది. ఈ టాస్క్ పోతోందని ముందుగా ఒక జెండా పెడుతుంది. తర్వాత మెమరీ మ్యాప్ వదిలేస్తుంది. సెమఫోర్లు, షేర్డ్ మెమరీ లెక్కలు తేలుస్తుంది. తెరిచిన ఫైళ్లు, సాకెట్లు, పైపులు మూస్తుంది. కరెంట్ డైరెక్టరీ, నేమ్‌స్పేస్‌ల మీద పట్టు విడుస్తుంది. ఆ ఫైళ్లనో మెమరీనో ఇంకెవరూ పంచుకోకపోతే అవి అప్పటికప్పుడే విడుదలవుతాయి. అంటే చైల్డ్ చనిపోయిన క్షణానికే దాని బరువంతా దిగిపోయింది. జాంబీలు ర్యామ్ తినేస్తున్నాయి అనే మాట అందుకే చాలావరకు అపోహ.

చివర్లో ఎగ్జిట్-నోటిఫై వస్తుంది. మనకు కావలసిన కథంతా ఇక్కడే. చనిపోతున్న ప్రాసెస్‌కు సొంత పిల్లలుంటే వాళ్లను ముందు ఇంకొకరికి అప్పగిస్తుంది. ఆపైన తన స్థితిని ‘ఎగ్జిట్ జాంబీ’ అని రాసుకుని, చైల్డ్ చనిపోయిందని చెప్పే సిగ్‌చైల్డ్ సిగ్నల్‌ను తన పేరెంట్‌కు పంపుతుంది. ఆ తర్వాత షెడ్యూలర్‌ను పిలుస్తుంది, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి రాదు.

మిగిలేది టాస్క్ స్ట్రక్ట్ అనే కొన్ని కిలోబైట్ల రికార్డు, ఆ పిడ్ నంబరు (ప్రాసెస్ గుర్తింపు సంఖ్య), ఎగ్జిట్ కోడ్, ఎంత సీపీయూ టైమ్ వాడింది, గరిష్ఠంగా ఎంత మెమరీ పట్టింది అన్న లెక్కలు. కమాండ్ లైన్ అక్షరాలు యూజర్ మెమరీలో ఉండేవి, ఆ మెమరీ పోయింది. అందుకే పీఎస్ ఆ ప్రాసెస్ పూర్తి కమాండ్ చూపించలేక, రికార్డులో ఉన్న పొట్టి పేరును స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టి పక్కన డిఫంక్ట్ అని రాస్తుంది.

మన మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా అయి లారీ ఎక్కేశాక కూడా తక్‌పట్టీ అనే చీటీ కమిషన్ కొట్లోనే ఉంటుంది. ఎంత తూగింది, ఏ రేటు పలికింది అన్నది అందులో ఉంటుంది కాబట్టి రైతు వచ్చి తీసుకునేదాకా దాన్ని చింపేయరు. జాంబీ కూడా అంతే. సరుకు ఎప్పుడో వెళ్లిపోయింది, కాగితం పేరెంట్ కోసం ఆగింది.

ఓఎస్ ల్యాబుల్లో ఈ ప్రోగ్రామ్ అందరితోనూ రాయిస్తారు. చైల్డ్ ఎగ్జిట్, పేరెంట్ ఒక 30 సెకన్ల స్లీప్, పక్క టెర్మినల్‌లో పీఎస్ కొట్టి జాంబీకి గుర్తైన జెడ్ అక్షరం చూపించడం, రికార్డులో సంతకం. వైవాలో మాత్రం జాంబీ అంటే తప్పుడు ప్రాసెస్ అని చెప్పినా మార్కులు వచ్చేస్తాయి, అదే చిక్కు. వెయిట్ పిలిచే ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ముందుగా చనిపోయిన ప్రతి చైల్డ్ కొన్ని మైక్రోసెకన్లయినా జాంబీగానే ఉంటుంది. అది మామూలు దశ. వారాల తరబడి ఉండిపోతేనే లోపం, ఆ లోపం పేరెంట్ కోడ్‌లో ఉన్నట్టు.

ఆ రికార్డును నిలిపి ఉంచడం వల్ల ఇంకో లాభం ఉంది, దాన్ని ఎక్కువమంది గమనించరు. జాంబీ ఉన్నంతకాలం ఆ పిడ్ నంబరు వేరే ప్రాసెస్‌కు పోదు. పేరెంట్ తన చైల్డ్ 4120కి సిగ్నల్ పంపితే అది తన చైల్డ్‌కే వెళ్తుందన్న హామీ ఇందువల్లే ఉంది. చనిపోగానే నంబరు ఖాళీ చేసే పద్ధతైతే, ఆ లోపు 4120 నంబరుతో డేటాబేస్ ఒకటి లేచి ఉండొచ్చు, మనం పంపిన సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) దానికి తగలొచ్చు.

పేరెంట్ వెయిట్‌పిడ్ (ఫలానా పిడ్ కోసం చేసే వెయిట్) పిలిచినప్పుడు కెర్నెల్ ఆ రికార్డును ‘జాంబీ’ నుంచి ‘డెడ్’కు ఒకే అవిభాజ్య ఆపరేషన్‌లో మారుస్తుంది. ఒకే పేరెంట్‌లో రెండు థ్రెడ్లు ఒకేసారి వెయిట్‌లో ఉన్నా ఒక్కదానికే ఫలితం దక్కేది ఇందుకే. చైల్డ్ వాడిన సీపీయూ టైమ్‌ను పేరెంట్ ఖాతాలో, పిల్లల పద్దు కింద కలుపుతుంది. వెయిట్ చేయని పిల్లల టైమ్ ఆ పద్దులోకి ఎప్పటికీ రాదు. ఆ తర్వాత రిలీజ్-టాస్క్ పిడ్‌ను తీసేస్తుంది, రికార్డు మెమరీ కొద్దిసేపటికి విడుదలవుతుంది.

చేతికొచ్చే స్టేటస్ ఒక ఇంటిజర్. కింది 7 బిట్లలో చంపిన సిగ్నల్ నంబరు, ఆపై బిట్‌లో కోర్ డంప్ పడిందా లేదా, దాని పై 8 బిట్లలో ఎగ్జిట్ కోడ్. కోడ్‌కు 8 బిట్లే కాబట్టి 256తో ఎగ్జిట్ అయితే పేరెంట్‌కు 0 కనిపిస్తుంది, మైనస్ 1 ఇస్తే 255. తప్పుల సంఖ్యను ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చే స్క్రిప్టులు రాసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. సరిగ్గా 256 తప్పులొస్తే అంతా సవ్యం అన్నట్టే. షెల్‌లో కనిపించే 137, 139, 143 అసలు కోడ్‌లు కావు, సిగ్నల్ నంబరుకు షెల్ 128 కలిపి చూపిస్తుంది. 137 అంటే సిగ్‌కిల్. మెమరీ చాలక కెర్నెల్ చంపినా ఇదే నంబరు. 139 సెగ్మెంటేషన్ ఫాల్ట్, 143 సిగ్‌టర్మ్ (ముగించమని అడిగే సిగ్నల్).

ఇప్పుడు పన్నెండు రోజుల లెక్క. ఒక జాంబీ వల్ల నష్టం లేదు, వేలల్లో పేరుకుంటే మూడు గోడలున్నాయి. 4 జీబీ మెషీన్‌లో కెర్నెల్ తనంతట తాను పెట్టుకునే మొత్తం థ్రెడ్ల పరిమితి సుమారు 31,000. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఒక్కో సర్వీసుకు టాస్క్స్‌మ్యాక్స్ అనే పరిమితి పెడుతుంది. ప్రత్యేకంగా మార్చకపోతే అది ఆ పరిమితిలో 15 శాతం, అంటే ఇంచుమించు 4,650. కొత్త కెర్నెళ్లలో జాంబీలు కూడా ఇందులోకి లెక్కే. రోజుకు 400 చొప్పున పన్నెండో రోజుకు అయిపోతాయి. ప్రోగ్రామ్‌ను సర్వీసుగా కాకుండా మామూలు యూజర్ లాగిన్ నుంచి నడిపితే యూజర్‌కు ఇన్ని ప్రాసెస్‌లు అన్న పరిమితి తగులుతుంది. అది థ్రెడ్ల పరిమితిలో సగం, 15,500 దగ్గర. సిస్టమ్‌డీ యూజర్ లాగిన్‌కు పెట్టే టాస్క్స్‌మ్యాక్స్ ముందే తగలకపోతే, దాదాపు 39 రోజులు. రూట్‌గా నడిపితే ఈ గోడ వర్తించదు, టాస్క్స్‌మ్యాక్స్ కూడా లేకపోతే మొత్తం థ్రెడ్ల పరిమితో, పిడ్ మ్యాక్సో (పిడ్ నంబర్ల గరిష్ఠ పరిమితి) తగులుతుంది. పిడ్ మ్యాక్స్ పాత సిస్టమ్‌లలో 32,768. సిస్టమ్‌డీ 243 వెర్షన్ నుంచి 64 బిట్ మెషీన్లలో దాన్ని 41,94,304కు పెంచుతోంది. ఈ మొత్తం పరిమితులు తగిలితే మునిగేది కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రామ్ ఒక్కటే కాదు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కూడా రాదు. రూట్‌గా నడిపితే సమస్య పోయింది అనుకునేవాళ్లు సమస్యను మెషీన్ మొత్తానికి పంచుతున్నారని అర్థం.

మొదటి గోడ తగిలిందా అన్నది తేల్చడం తేలిక. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో టాస్క్స్ అనే వరుసలో ప్రస్తుత సంఖ్య, పరిమితి పక్కపక్కనే ఉంటాయి. కెర్నెల్ లాగ్‌లో ‘ఫోర్క్ రిజెక్టెడ్ బై పిడ్స్ కంట్రోలర్’ అని పడుతుంది. ఇంకా కచ్చితమైన గుర్తు సీగ్రూప్ (ఒక సర్వీసు ప్రాసెస్‌లను కెర్నెల్ లెక్కగట్టే గుంపు) డైరెక్టరీలో ఉంది. పిడ్స్ డాట్ కరెంట్‌లో జాంబీలు కలిసి ఉంటాయి, సీగ్రూప్ డాట్ ప్రోక్స్ జాబితాలో జాంబీలు కనిపించవు. మొదటిది 4,650 చూపించి, రెండోదాంట్లో రెండు మూడు వరుసలే ఉంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. టాస్క్స్‌మ్యాక్స్‌ను పెంచేసి చేతులు దులుపుకోవడం మాత్రం వద్దు, అది తేదీని వాయిదా వేయడమే.

పేరెంట్‌ను సరిచేయడం విషయానికొద్దాం. సిగ్‌చైల్డ్‌కు హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టి అందులో ఒక్కసారి వెయిట్ పిలవడం అందరూ మొదట రాసేది, అది చాలదు. మామూలు సిగ్నళ్లకు క్యూ ఉండదు. పెండింగ్‌లో ఉందా లేదా అని ఒక్క బిట్ మాత్రమే. హ్యాండ్లర్ నడిచేలోపు ఐదుగురు పిల్లలు చనిపోతే ఐదు సిగ్నళ్లు రావు, ఒకటో రెండో వస్తాయి, మిగిలినవి జాంబీలుగా మిగులుతాయి. రోజుకు ఒకటి రెండు చొప్పున నెమ్మదిగా పెరిగే జాంబీలను చూస్తే నేను మొదట అనుమానించేది దీన్నే. సరైన పద్ధతి లూప్. వెయిట్‌పిడ్‌కు మైనస్ 1 (ఏ చైల్డ్ అయినా సరే), డబ్ల్యూ-నోహ్యాంగ్ (ఎవరూ చనిపోకపోతే ఆగకుండా తిరిగి రా) ఇచ్చి, అది 0 ఇచ్చేదాకా, లేదా ఈ-చైల్డ్ ఎర్రర్ ఇచ్చేదాకా తిప్పాలి. 0 అంటే పిల్లలున్నారు గానీ ఇప్పుడు చనిపోయినవాళ్లు లేరని, ఈ-చైల్డ్ అంటే పిల్లలే లేరని. డబ్ల్యూ-నోహ్యాంగ్ మరిచిపోతే బతికున్న చైల్డ్ కోసం పేరెంట్ హ్యాండ్లర్‌లోనే కూర్చుండిపోతుంది. హ్యాండ్లర్ మొదట్లో ఎర్ర్‌నోను (చివరి ఎర్రర్ నంబరును) దాచి, చివర్లో తిరిగి పెట్టండి, లేకపోతే మెయిన్ కోడ్‌లో ఎక్కడో రీడ్ ఫెయిలైన చోట ‘నో చైల్డ్ ప్రాసెసెస్’ అని సంబంధం లేని ఎర్రర్ కనిపిస్తుంది. హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్, మాలాక్ వద్దు.

హ్యాండ్లర్‌ను ఫోర్క్‌కు ముందే పెట్టాలి. పిల్లల పట్టిక మెయింటైన్ చేసేవాళ్లకు ఇంకో ఇరుకు సందు ఉంది. ఫోర్క్ తిరిగొచ్చి పట్టికలో పిడ్ రాసుకునేలోపే చైల్డ్ చనిపోతే, హ్యాండ్లర్ పట్టికలో లేని పిడ్‌ను తీసేయబోతుంది, ఆ తర్వాత మెయిన్ కోడ్ చచ్చిన పిడ్‌ను పట్టికలో చేరుస్తుంది. ఫోర్క్‌కు ముందు సిగ్‌చైల్డ్‌ను బ్లాక్ చేసి, పట్టికలో రాశాక అన్‌బ్లాక్ చేయడమే మందు. చైల్డ్ వైపు ఎగ్జిక్‌కు (అదే ప్రాసెస్‌లో వేరే ప్రోగ్రామ్‌ను ఎక్కించే పిలుపుకు) ముందు ఆ బ్లాక్ తీసేయడం మరవకండి. సిగ్నల్ మాస్క్ ఎగ్జిక్ తర్వాత కూడా వెంట వస్తుంది.

లైబ్రరీ రాసేవాళ్లు మైనస్ 1తో వెయిట్ చేయకూడదు. అది పక్కవాళ్ల పిల్లల కాగితాలు కూడా లాక్కుపోతుంది, అసలు యజమాని వెయిట్ చేసినప్పుడు ఈ-చైల్డ్ వస్తుంది. మీరు పుట్టించిన పిడ్‌ను మాత్రమే అడగండి.

స్టేటస్ అక్కర్లేనివాళ్లకు అడ్డదారి ఉంది. సిగ్‌చైల్డ్‌ను ఇగ్నోర్ అని పెట్టేస్తే, లేదా ఎస్‌ఏ-నోసీఎల్‌డీవెయిట్ జెండా పెడితే, ఎగ్జిట్-నోటిఫై సమయంలోనే కెర్నెల్ జాంబీ దశ దాటించి రికార్డు తీసేస్తుంది. పోసిక్స్ 2001 నుంచి ఇది ప్రమాణంలో ఉంది. స్లిప్పు ప్రింటయిందో లేదో పట్టించుకోని ప్రోగ్రామ్‌కు ఇది సరిపోతుంది. పట్టించుకోవాలనే నా అభిప్రాయం, ప్రింటర్‌లో పేపర్ అయిపోయిన రోజు తెలియాలి కదా. ఈ దారిలో రెండు గుంటలున్నాయి. సిస్టమ్ ఫంక్షన్‌తో కమాండ్ నడిపితే, కమాండ్ చక్కగా పూర్తయినా మైనస్ 1, ఈ-చైల్డ్ వస్తుంది. రెండోది ఇంకా లోతు. ఇగ్నోర్ అన్న అమరిక ఎగ్జిక్ దాటి కూడా వారసత్వంగా వెళ్తుంది. అలాంటి పేరెంట్ నుంచి ఒక పైథాన్ స్క్రిప్టు లేస్తే, దాని సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌కు స్టేటస్ దొరకదు, దొరకనప్పుడు అది రిటర్న్ కోడ్‌ను 0 అని తీసుకుంటుంది. బ్యాకప్ కమాండ్ విఫలమైనా ‘సక్సెస్’ అని లాగ్‌లో పడుతుంది.

పైథాన్‌లో ఇంకొకటి. పోపెన్ ఆబ్జెక్ట్‌ను వెయిట్ చేయకుండా వదిలేస్తే, అది ఒక లోపలి జాబితాలో చేరి, మళ్లీ కొత్త పోపెన్ పిలిచినప్పుడు శుభ్రమవుతుంది. అందుకే పైథాన్ సర్వీసుల కింద తరచూ ఒకే ఒక్క జాంబీ వేలాడుతూ ఉంటుంది. అది పెరగకపోతే కంగారు పడక్కర్లేదు. గో భాషలో స్టార్ట్ పిలిస్తే వెయిట్ మీ బాధ్యతే, కాంటెక్స్ట్ క్యాన్సిల్ అయినా సరే.

పేరెంటే ముందు చనిపోతే? ఆ పిల్లలకు కెర్నెల్ కొత్త పేరెంట్‌ను వెతుకుతుంది. ముందు అదే ప్రాసెస్‌లో బతికున్న ఇంకో థ్రెడ్, తర్వాత పై వరుసలో ‘చైల్డ్ సబ్‌రీపర్’ (అనాథల బాధ్యత తీసుకునే ప్రాసెస్) అని ప్రకటించుకున్న దగ్గరి పూర్వీకుడు, చివరికి ఆ పిడ్ నేమ్‌స్పేస్‌లోని 1వ నంబరు ప్రాసెస్. సబ్‌రీపర్ లైనక్స్ 3.4లో వచ్చింది. యూజర్ సెషన్‌లో అనాథ ప్రాసెస్‌కు పేరెంట్ నంబరు 1 కాకుండా వేరే ఏదో కనిపిస్తే, అది ఆ యూజర్ సిస్టమ్‌డీ నంబరే అయి ఉంటుంది.

అసలు తలనొప్పి కంటెయినర్లలో. అక్కడ 1వ నంబరు మీ అప్లికేషనే. దాని పిల్లలు కానివాళ్లు కూడా అనాథలై వచ్చి దాని ఒళ్లో పడతారు, వాళ్ల కోసం వెయిట్ చేయాలని దానికి తెలియదు. 10 సెకన్లకోసారి నడిచే హెల్త్ చెక్ స్క్రిప్టు ప్రతిసారీ ఒక మనవడిని అనాథగా వదిలితే రోజుకు 8,640 జాంబీలు. కంటెయినర్లను నడిపే డాకర్‌లో 1.13 వెర్షన్ నుంచి ‘ఇనిట్’ ఆప్షన్ ఇస్తే టినీ అనే చిన్న ప్రోగ్రామ్ 1వ నంబరుగా లేచి అందరికీ వెయిట్ చేస్తుంది, సిగ్నళ్లు కూడా అప్లికేషన్‌కు చేరవేస్తుంది. ఈ రెండో పని కూడా ముఖ్యమే. 1వ నంబరు ప్రాసెస్ హ్యాండ్లర్ పెట్టుకోకపోతే సిగ్‌టర్మ్ దానికి అంటదు, డాకర్ స్టాప్ 10 సెకన్లు చూసి సిగ్‌కిల్ కొడుతుంది. బ్యాష్ స్క్రిప్టును 1వ నంబరుగా పెడితే అది అనాథలకు వెయిట్ చేస్తుంది గానీ సిగ్‌టర్మ్‌ను కిందికి పంపదు. స్క్రిప్టు చివరి వరుసలో ఎగ్జిక్ పెట్టి ప్రోగ్రామ్‌ను పిలిస్తే సిగ్నల్ సమస్య తీరుతుంది, వెయిట్ సమస్య మళ్లీ అప్లికేషన్ నెత్తినే పడుతుంది.

జెడ్ అని కనిపించినవన్నీ చచ్చినవి కావు, ఒక మినహాయింపు ఉంది. ప్రాసెస్‌లో మెయిన్ థ్రెడ్ మాత్రమే తప్పుకుని మిగతా థ్రెడ్లు పనిలో ఉంటే, మెయిన్ థ్రెడ్ రికార్డు జాంబీగా కనిపిస్తుంది. పేరెంట్ ఎంత వెయిట్ చేసినా మిగతా థ్రెడ్లు ముగిసేదాకా దొరకదు. డిఫంక్ట్ ప్రాసెస్ పోర్ట్ పట్టుకుని కూర్చుందని ఫిర్యాదు వస్తే ప్రోక్ కింద ఆ పిడ్ టాస్క్ డైరెక్టరీ తెరిచి ఇంకా ఎన్ని థ్రెడ్లున్నాయో చూడండి. ఒక్కటే ఉంటే పోర్ట్ దాని దగ్గర లేదు, సాకెట్‌ను వారసత్వంగా పట్టుకున్న మనవడెవరో బతికున్నాడు. స్టాట్ కాలమ్‌లో డి ఉన్నవి అసలు వేరే జాతి. అవి డిస్కో నెట్‌వర్క్ ఫైల్ సిస్టమో జవాబివ్వక ఆగిన బతికున్న ప్రాసెస్‌లు.

జాంబీకి సిగ్‌కిల్ పంపితే కమాండ్ ఎర్రర్ లేకుండా తిరిగొస్తుంది, ఏమీ జరగదు, ఎందుకంటే ఆ సిగ్నల్ అందుకుని నడవడానికి అక్కడ కోడ్ లేదు. పీఎస్‌లో పీపిడ్ (పేరెంట్ పిడ్) కాలమ్ చూసి పేరెంట్‌ను పట్టుకోవాలి. పేరెంట్‌ను ముగిస్తే జాంబీలన్నీ సబ్‌రీపర్‌కో 1వ నంబరుకో చేరి, అది వెయిట్ చేయగానే పోతాయి. సీజన్ మధ్యలో ముగించే వీలు లేకపోతే, సరిచేసిన వెర్షన్ వచ్చేలోపు జీడీబీ అనే డీబగ్గర్‌తో పేరెంట్‌కు అటాచ్ అయి, దాని చేతే వెయిట్‌పిడ్ పిలిపించవచ్చు. అటాచ్ అయి ఉన్నంతసేపు పేరెంట్ మొత్తం ఆగి ఉంటుంది, కాబట్టి రద్దీ లేని వేళ చేయండి. తీసేసిన స్టేటస్ ఇక పేరెంట్‌కు దొరకదు. పిడ్ నంబరు పొరపాటున బతికున్న చైల్డ్‌ది ఇస్తే అది ముగిసేదాకా కాటా ప్రోగ్రామ్ అక్కడే నిలిచిపోతుంది. అందుకే మూడో ఆర్గ్యుమెంట్‌గా 0 కాకుండా 1 ఇవ్వండి, లైనక్స్‌లో డబ్ల్యూ-నోహ్యాంగ్ విలువ అదే.